నీళ్లలో పెట్టిన లక్ష్మి

మొన్న మనవరాలు ఎగ్జిబిషన్ నుంచి ఒక మట్టి పళ్లెం తెచ్చింది. గోడకు తగిలించుకునేదట. బోర్లించిన పళ్లెం వీపు మీద లక్ష్మీదేవి, కాళ్ల దగ్గర తెల్ల గుడ్లగూబ, అంచు చుట్టూ ఎర్ర గీత. దుమ్ము పట్టి ఉందని తడిగుడ్డతో తుడవబోయింది. బెండకాయలు తరుగుతున్నదాన్ని లేచి వెళ్లి దాని మణికట్టు పట్టుకున్నాను.

"అమ్మమ్మా, నొప్పెడుతోంది" అంది.

వదిలేశాను. ఆ రంగుకు తడి తగలకూడదని మాత్రం చెప్పాను. నీకెలా తెలుసని అడిగింది. చెప్పలేదు. నోటితో చెప్తే మధ్యలో ఫోను చూసుకుంటారు, నాకు వృథా మాటలు ఇష్టం ఉండవు. అందుకని రాస్తున్నాను.

అప్పుడు నాకు పంతొమ్మిది. పాస్‌పోర్టులో ఇంకా చాలా ఎక్కువ. చిన్నపిల్లలను పనికి పంపనివ్వరని ఏజెంటు వయసు పెంచి వేయించాడు. మా అక్క పురిట్లో బిడ్డతో సహా పోయింది. ఏడాది తిరగకుండానే బావ వచ్చి మా అరుగు మీద కూర్చుని, చిన్నదాన్ని ఇస్తారా ఇవ్వరా అని నాన్నను నిలదీశాడు. బావ తాగేవాడు. అక్క పుట్టింటికి వచ్చినప్పుడల్లా దాని వీపుకు నూనె రాసినదాన్ని, ఆ చేతి బరువు ఎంతో నాకు తెలుసు. బహ్రెయిన్‌లో పని చేసే పిన్ని అప్పుడు సెలవు మీద వచ్చి ఉంది. రెండేళ్లు నాతో పంపు బావా అని నాన్నను బతిమాలి నన్ను తీసుకుపోయింది. నాన్న బావకు అదే గడువు చెప్పాడు. ఈలోగా నన్ను ఎవరు వెనక్కి పంపినా, దిగిన వారంలోనే తాళి. ఆ సంగతి నాకూ పిన్నికీ బాగా తెలుసు.

పిన్ని హమద్ టౌన్‌లో ఒక అరబ్బు ఇంట్లో ఉండేది. నన్ను ఉమ్మ్ అల్ హస్సామ్‌లో బెంగాలీ వాళ్లింట్లో పెట్టించింది. రెండో అంతస్తు ఫ్లాటు. కింద మలయాళీ వాళ్ల కోల్డ్ స్టోరు అనే కిరాణా కొట్టు, పక్కన దర్జీ కొట్టు. సార్ కంపెనీలో ఆఫీసరు, మేడమ్ స్కూల్లో టీచరు. మేడమ్ చెడ్డ మనిషి కాదు, గీత గీసినట్టుండే మనిషి. నా ముందు పనిచేసిన ఆవిడ గాజు గిన్నె పగలగొట్టి ముక్కలు చెత్త కింద దాచిందట. "పగలగొట్టినందుకు కాదు, దాచినందుకు పంపేశాను" అని నాకు మొదటి రోజే చెప్పింది. నా పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళం వేస్తూ చెప్పింది.

ఆ ఇంట్లో నేను చేసిన దొంగపని ఒకటే. సార్‌కు నా చింతపండు చారు నచ్చింది. పిసికిన చింతపండులో పిక్కలు పారేయడానికి నాకు చెయ్యి రాలేదు. కడిగి, బాల్కనీలో ఎండబెట్టి, పాలపొడి డబ్బాలో దాచేదాన్ని. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు నాలుగు వేయించి బుగ్గన పెట్టుకుంటే సాయంత్రం దాకా సరిపోయేవి. ఏం నములుతున్నావని మేడమ్ రెండుసార్లు నోరు తెరిపించి చూసింది. రెండుసార్లూ మింగేశాను.

ఎండ కాస్త తగ్గి, గాలిలో ఉప్పు తేమ మాత్రం మిగిలే రోజుల్లో సార్ వాళ్ల అమ్మ కలకత్తా నుంచి వచ్చింది. తెల్ల చీర, పొట్టి జుట్టు, రెండు కళ్లలో పొర. వెలుగూ నీడా తెలిసేవి గాని ఎదుటి మనిషి ముఖం ఆనేది కాదు. అందరూ 'మా' అనేవారు, నేనూ అలాగే పిలిచాను. ఆవిడ నన్ను 'మేయే' అనేది, వాళ్ల భాషలో పిల్లా అని. ఆవిడ హిందీ సగం బెంగాలీ, నా హిందీ సగం తెలుగు. అయినా రోజంతా మాట్లాడుకునేవాళ్లం.

వచ్చిన వారంలోనే సార్ ఐసు చేప తెచ్చారు. కోస్తుంటే వాసన తెలిసిపోయింది.

"ఇది మా గోదావరి పులస" అన్నాను.

"గోదావరా? ఇది పద్మ చేప. మీ నదికి దారి తప్పి వచ్చి ఉంటుంది" అంది మా.

"మీ నదిలో రుచి లేకే వచ్చి ఉంటుంది."

"నోరు ఎక్కువ దీనికి" అని కోడలితో చెప్పింది. తినేటప్పుడు మాత్రం ముళ్లు తీయడానికి నన్నే పక్కన కూర్చోమంది. వాళ్ల ఊరు ఆ పద్మకు అవతల ఉండేదట. దేశాలు విడిపోయినప్పుడు ఇవతలికి వచ్చేశారు. ఆ ఊరి మాట వస్తే అన్నం కలిపే చెయ్యి ఆగిపోయేది.

మన వాళ్లకు శ్రావణ శుక్రవారం ఎలాగో, వాళ్లకు దసరా తర్వాత వచ్చే పున్నమి అలాగ. ఆ రాత్రి లక్ష్మి ఇంటింటికీ వచ్చి ఎవరు మేలుకుని ఉన్నారని అడుగుతుందట. రెండు రోజుల ముందునుంచే ఇల్లంతా బెల్లం పాకం వాసన. కొబ్బరి కోరి, పాకంలో ఉడికించి, వేడివేడిగా ఉండలు చుట్టాలి. చల్లారితే ఉండ కట్టదు. అరచేతులు కాలి ఎర్రబడేవి. మా నా పక్కన కూర్చుని ఉండ నలిపి చూసి, "ఇది మొగుడితో పోట్లాడిన దాని ఉండలా ఉంది, మళ్లీ చుట్టు" అనేది.

ముందు రోజు చెప్పింది. "నా పెట్టె అడుగున సరా ఉంది. రేపు పొద్దున విప్పి పీట మీద పెట్టు. నేను తీస్తే చెయ్యి జారుతుంది."

సరా అంటే కుండ మీద పెట్టే మట్టి మూత అని నాకు మేడమ్ అంతకుముందే చెప్పింది. దాని మీద బొమ్మ ఉంటుందని ఎవరూ చెప్పలేదు. వాళ్లకు అది చెప్పవలసిన సంగతి కాదు. కలశం మీద కొబ్బరికాయ ఉంటుందని మనం ఎవరికైనా విడిగా చెప్తామా?

పూజ రోజు సార్, మేడమ్ ఇద్దరూ డ్యూటీకి వెళ్లారు. మేడమ్ ఒంటిగంటన్నరకు వస్తానంది. మా తన గదిలో జపానికి కూర్చుంది. నేను పెట్టె తీసి మూట విప్పాను. మూడు పొరల పాత చీర, లోపల వార్తాపత్రిక. పళ్లెం ఉబ్బు వైపు ఆ కాగితం తేమకు గట్టిగా అంటుకుపోయి ఉంది. పల్లం వైపు ఉత్త ఎర్రమట్టి. వేలితో కొట్టి చూశాను, ఖంగుమంది. కొత్త మూకుడు, ప్రసాదం వండడానికి తెచ్చుకుంది కాబోలు అనుకున్నాను.

కొత్త మట్టిపాత్రను వాడే ముందు నీళ్లలో నానబెట్టాలి. లేకపోతే పొయ్యి మీద పగులుతుంది, వండింది మట్టివాసన కొడుతుంది. మా అమ్మ నేర్పింది, వాళ్లమ్మ ఆమెకు నేర్పింది. అంటుకున్న కాగితం కూడా ఊడి వస్తుంది, ఒకే నీళ్లతో రెండు పనులు. బకెట్లో నిండా ముంచి, ముగ్గుకు బియ్యం రుబ్బడానికి వెళ్లాను.

తిరిగి వచ్చేసరికి నీళ్లు పచ్చగా ఉన్నాయి. చెయ్యి పెట్టి పళ్లెం పైకి తీశాను. కాగితం జారింది. దాని వెంట ఎర్రటి నీరు నా మోచేతి మీదుగా కారింది. మట్టి మీద తెల్లసుద్ద పూత అక్కడక్కడ మిగిలింది. దాని మీద మనుషుల నీడల్లాంటి గీతలు, ఒక కిరీటం కొస, ఒక పాదం. ఆ పాదం చూశాక తెలిసింది. ఒక దేవతను కళ్లతో చూడకుండానే కడిగేశాను.

మొదట పుట్టిన బుద్ధి దాచేద్దామనే. విమానంలో పగిలిందని చెప్తే? పగలగొట్టి మళ్లీ మూటలో పెడితే? పళ్లెం పైకెత్తి కూడా చూశాను. చేతులు ఒప్పలేదు. అప్పుడు హాల్లో ఫోను దగ్గరికి వెళ్లాను. ఆ ఫోను నేను ముట్టకూడదు. పిన్ని పనిచేసే ఇంటి నంబరు నొక్కాను.

"ఏవే, ఈ టయింలో ఫోనేంటే? మామా లేస్తది" అంది పిన్ని గుసగుసగా. ఆ ఇంటి అరబ్బు ఆవిడను మామా అనేది.

"పిన్నీ, అమ్మవారిని కడిగేశానే."

"ఏ అమ్మవారినే? సరిగ్గా చెప్పి ఏడు."

చెప్పాను.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. మీ మెట్లకి రంగులేసే భాయి దేవుడి బొమ్మలేసే కులపోడని మొన్న శుక్రారం నువ్వే చెప్పావు గదే. ఆడి కాళ్లట్టుకో. ఇంట్లోకి మాత్రం రానీకు. పనిమనిషి, పరాయి మగోడు ఒక గదిలో కనపడ్డారంటే ఖలాస్. నిన్నూ ఆడినీ ఇద్దర్నీ ఫ్లైటెక్కించేస్తారు. ఇటు ఎవర్తో వస్తంది, పెట్టేయ్" అని పెట్టేసింది.

వారం రోజులుగా మా బిల్డింగు మెట్లకు సున్నం రంగు వేస్తున్నారు. అందులో ఒకతను మేదినీపూర్ వాడు. తెల్ల టోపీ, మోకాళ్ల దాకా రంగు చుక్కలు. బెంగాలీ వినబడిందని మా నాచేత తలుపు తీయించుకుని మరీ అతనితో మాట్లాడింది. వాళ్ల వాళ్లు పొడుగాటి కాగితం చుట్టల మీద దేవుళ్ల కథలు బొమ్మలుగా వేసి, ఇంటింటికీ వెళ్లి ఒక్కో బొమ్మా విప్పుతూ పాడేవారట. "నమాజు చేస్తాం, లక్ష్మీ దుర్గా బొమ్మలు వేస్తాం. తాతల నాటి నుంచీ అంతే" అన్నాడు. ఇదేం విడ్డూరం అని అప్పుడు మూతి తిప్పుకున్నదాన్ని, ఇప్పుడు ఆ పళ్లెం కొంగు కింద పెట్టుకుని మెట్లు దిగాను.

"భాయ్, పైకి రా. ఒక పని ఉంది" అన్నాను.

వచ్చాడు. ఫ్లాటు గడప ముందు పళ్లెం చూపించాను.

"పూజ అయ్యాక నీళ్లలో కలుపుతారు బెహెన్. నువ్వు ముందే కలిపేశావు" అని నవ్వాడు.

"నవ్వకు. ఒంటిగంటన్నరకు మేడమ్ వస్తుంది. నన్ను పంపేస్తుంది."

"మధ్యాహ్నం జుహర్ నమాజు అయ్యాక ఫోర్‌మన్ వస్తాడు. మెట్లు పూర్తి కాకపోతే నన్నూ పంపేస్తాడు" అన్నాడు. అంటూనే పళ్లెం వెలుగులోకి తిప్పాడు. వేలు తగలనివ్వకుండా గీతల వెంట చూపు నడిపించాడు. "కింద పడవ ఉంది. పద్మ అవతలి వాళ్ల పద్ధతి. మధ్యలో లక్ష్మి. పక్కన చెలికత్తెలు ఇద్దరా, నలుగురా?"

"నేను చూడలేదు."

"ఇంట్లో ఉన్న బొమ్మను చూడలేదా?"

"కాగితం ఉంది భాయ్. నేను చూడలేదు."

అప్పుడు నవ్వడం మానేశాడు. రంగు డబ్బా బోర్లించి మెట్ల మలుపులో కూర్చున్నాడు. గడప లోపల నేను, గడప బయట అతను. ఒక్క అడుగు కూడా లోపలికి వేయలేదు.

తెల్లరంగు అతని దగ్గర ఉంది. పచ్చకు పసుపు ఇచ్చాను. ఎరుపుకు మేడమ్ పారాణి సీసా. నీలానికి బట్టలకు వేసే నీలిమందు. నలుపుకు నూనె దీపం మీద గరిటె పట్టి మసి తీశాను.

"జిగురు లేకపోతే ఇదంతా రేపటికి రాలిపోతుంది. మా ఊళ్లో మారేడు పండు జిగురు వాడతాం, లేదా చింతపిక్కలు ఉడికిస్తాం. ఇక్కడ ఎక్కడ తెస్తాం" అన్నాడు.

పాలపొడి డబ్బా తెచ్చి అతని ముందు మూత తీశాను. డబ్బా వంక చూశాడు, నా వంక చూశాడు.

"దేనికి దాచావు?"

"తినడానికి."

డబ్బా నా వైపు జరిపాడు. నేను వేయించి, మిక్సీలో పొడి కొట్టాను. ఆ చప్పుడుకు గదిలోంచి మా కేకేసింది. "మేయే, ఏం రుబ్బుతున్నావు?" మసాలా అన్నాను. పొడి నీళ్లలో పోసి ఉడికిస్తుంటే అంబలిలా చిక్కబడింది. మా ఊళ్లో నాటకాల వాళ్లు అట్ట కిరీటాలకు రాసే జిగురు అదే.

పెద్ద బ్రష్షులోంచి నాలుగు వెంట్రుకలు పీకి చీపురుపుల్లకు కట్టుకున్నాడు. వేయడం మొదలుపెట్టగానే పాట మొదలుపెట్టాడు. సన్నటి రాగం, ముక్కుతో. మెట్ల గోడలకు తగిలి పైకీ కిందికీ పోయింది.

"పాట ఆపు భాయ్, లోపల మా ఉంది."

ఆపాడు. అమ్మవారి భుజం దగ్గర పుల్ల గాలిలో నిలబడిపోయింది. గీయబోయాడు, మళ్లీ ఆగాడు.

"రావడం లేదు. మాకు పాట ముందు, గీత తర్వాత. ఏ చరణంలో ఉన్నానో తెలిస్తే గాని చెయ్యి ఎటు పోవాలో తెలియదు. మా అయ్య నేర్పింది అలాగే."

"అయితే మెల్లగా పాడు."

పెదవుల లోపల పాడుకున్నాడు. భుజం వచ్చింది, చెయ్యి వచ్చింది, చేతిలో వరికంకి వచ్చింది. కింద పడవ, పడవ పక్కన గుడ్లగూబ. నేను గడియారం ఒకసారి, మెట్లు ఒకసారి చూస్తున్నాను. మసీదులో బాంగు వినబడింది. కింద దర్జీ కొట్టు షట్టరు దించారు.

అంతా అయింది. ముఖంలో కళ్ల చోటు ఖాళీగా ఉంది. అతను పుల్ల కింద పెట్టాడు.

"కళ్లు పెట్టు భాయ్, త్వరగా."

"నేను పెట్టను. కళ్లు పెడితే చూడడం మొదలుపెడుతుంది. మొదటగా చూసేది ఏమిటి? ఆ పెద్దావిడను నువ్వు మోసం చేయడం. వెళ్లి చెప్పు, అప్పుడు పెడతాను."

"చెప్తే పంపేస్తారు."

"అది నీకూ వాళ్లకూ మధ్య. ఇది నాకూ నా చేతికీ మధ్య."

అతన్ని కొట్టాలనిపించింది. ఇంతలో నా వెనక గోడ తడుముకుంటూ మా వచ్చి నిలబడింది. "ఎవరది పాడింది? ఇది పటం చూపించేటప్పుడు పాడే పాట" అంది. వంగి చెయ్యి చాచింది. వేలికొస తడి రంగుకు తగిలింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. "వంటింటి పసుపు" అంది. ఇంకేమీ అడగలేదు. ఆవిడ అడగనందుకు నాకు భయం ఇంకా పెరిగింది.

కింద మెట్ల మీద చెప్పుల చప్పుడు. పూజ అని మేడమ్ ముందే బయలుదేరి వచ్చేసింది. మలుపు తిరిగి మా ముగ్గురినీ, పళ్లేన్నీ, పారాణి సీసానూ చూసింది.

"ఏం జరుగుతోంది ఇక్కడ?"

"సరాను నేను కడిగేశాను మేడమ్. కొత్త మూకుడనుకుని నీళ్లలో పెట్టాను" అన్నాను. చెప్పగలిగాను. దాచినదాన్ని పంపేస్తుందని తెలుసు, చెప్పినదాన్ని ఏం చేస్తుందో తెలియదు. ఆ పాటి ఆశ.

మేడమ్ ముఖం ఎర్రబడింది. అతని వైపు తిరిగింది.

"ఈ మనిషిని ఇంటి ముందుకు ఎవరు పిలిచారు?"

నేను వంగి పారాణి సీసాకు మూత బిగించాను.

అతను లేచి నిలబడ్డాడు. "ఎవరూ పిలవలేదు మేడమ్. బెహెన్ ఏడుస్తుంటే వినబడి నేనే పైకి వచ్చాను."

నేను ఏడవలేదు. అక్క పోయినప్పుడు తప్ప ఎవరి ముందూ ఏడ్చినదాన్ని కాదు. ఏడవలేదని చెప్పాలంటే పిలిచింది నేనేనని చెప్పాలి. నోరు మూసుకున్నాను. మేడమ్ రెయిలింగు మీదుగా వంగి వాచ్‌మన్‌ను కేకేసింది. అతను డబ్బా తీసుకుని మెట్లు దిగిపోయాడు. నా వైపు చూశాడో లేదో తెలియదు, నేను నేల చూస్తున్నాను.

"టికెట్టు రేపే తీయిస్తాను" అంది మేడమ్.

"ఈ రోజు మాత్రం ఆడపిల్లను గడప దాటించకు. లక్ష్మి ఇంట్లోకి వచ్చే రోజు" అంది మా.

"రేపు అన్నాను కదా మా."

"సరే. కళ్లు లేనిదానికి దీపం ఎలా పెడతావు? కళ్లు నువ్వు పెట్టు."

"నాకు చేతకాదు."

"నాకు కనబడదు. ఇక మిగిలింది ఈ పిల్లే."

నన్ను కూర్చోబెట్టింది. నా మణికట్టు పట్టుకోలేదు, నోటితోనే చెప్పింది. "చేప కోశావు కదా, ఆ ఆకారం. తల ముక్కు వైపు, తోక చెవి వైపు. ఊపిరి బిగబట్టు." అగ్గిపుల్లతో పెట్టాను. ఎడమది కుదిరింది. కుడిది కాస్త జరిగింది. దేవత మా వైపు గాక మెట్ల వైపు చూస్తున్నట్టు వచ్చింది. మేడమ్ చూసి, పళ్లెం తీసుకెళ్లి పీట మీద పెట్టింది. సాయంత్రం శంఖం ఊదారు, కొబ్బరి ఉండలు పంచారు. నాకు రెండు ఇచ్చారు, తినలేదు. పారేయడం ఇష్టం లేక కాగితంలో చుట్టి దాచుకున్నాను.

తెల్లవారి మేడమ్ బీరువా తీసి నా పాస్‌పోర్టు బయటికి తీసింది. మా తన గదిలోంచే అంది, గొంతు పెంచకుండా. "సరా ఏడాదిపాటు గోడ మీద ఉండాలి. ప్రతి గురువారం దీపం. కళ్లు పెట్టిన చెయ్యే పెట్టాలి ఆ దీపం. దాన్ని పంపేట్టయితే ముందు సరాను నీళ్లలో కలిపి, తర్వాత పంపు."

మేడమ్ పాస్‌పోర్టు లోపల పెట్టి తాళం వేసింది. అలాంటి ఆచారం ఉందో లేదో నాకు తెలియదు. తర్వాత నేను అడిగిన బెంగాలీ ఆవిడలు ఎవరూ ఆ మాట వినలేదన్నారు.

ఆ మాఘంలోనే బావ ఇంకో పిల్లను చేసుకున్నాడు. ఆ పిల్ల సంగతి రాయడం నాకు ఇష్టం లేదు. నేను అక్కడ ఆరేళ్లు చేశాను.

అతని సంగతి మర్నాడే తెలిసింది. మెట్ల దగ్గర వేరే మనిషి రంగు వేస్తున్నాడు. ఆ భాయ్ ఏడీ అని అడిగాను. "హమద్ టౌన్ పంపేశారు. బయటి గోడలు, పరంజా మీద పని" అన్నాడు. నీడలో చేసే మనిషిని ఎండలోకి పంపారన్నమాట.

శుక్రవారం పిన్ని వచ్చినప్పుడు చెప్పాను. అక్కడే ఉంటావు కదా, ఒకసారి కనుక్కోవే అన్నాను.

"మతి పోయిందేంటే నీకు? మగోడి గురించి వాకబు చేత్తే జనం ఏమనుకుంటారు?" అని తిట్టింది. తిట్టినా రెండు వారాల తర్వాత వచ్చి చెప్పింది. "మా వీధిలో పరంజాల మీద ముగ్గురున్నారే. ముగ్గురూ మొహాలకి గుడ్డలు కట్టుకునున్నారు. ఎవడని పిలవనే? పేరేంటి ఆడిది?"

నాకు తెలియదు. భాయ్ అన్నాను, అతను బెహెన్ అన్నాడు, అంతకు మించి అడగలేదు.

ఇన్నేళ్లలో ఆ కడిగేసిన బొమ్మ గురించి నాకు పెద్దగా బాధ లేదు. తెలియక చేశాను, చేశానని ఒప్పుకున్నాను. మేడమ్ అడిగిన రెండో మాటకు జవాబే నా దగ్గర ఉండిపోయింది. 'మైనే బులాయా', నేనే పిలిచాను. రెండే మాటలు. నాకు అప్పటికే అంత హిందీ వచ్చు.